మేట్టుపాళయం మిద్దె మీద ‘పెళ్ళిచూపులు’

మేట్టుపాళయంలో రైలు ఆగీ ఆగకముందే జనం పరుగందుకున్నారు. చంటిపిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, మంకీ టోపీలు అప్పుడే తగిలించుకున్న పెద్దవాళ్ళు, సూట్‌కేసులు ఈడ్చుకుంటూ కొత్తజంటలు. చెన్నై సెంట్రల్‌లో రాత్రి ఎక్కిన నీలగిరి ఎక్స్‌ప్రెస్‌కి ఇదే ఆఖరి స్టేషన్. ఇక్కణ్ణించి ఊటీకి చిన్నరైలు పొద్దున 7 గంటల 10 నిమిషాలకు కదులుతుంది. ఆ పరుగంతా దానికోసం. నేనొక్కణ్ణే తాపీగా నిలబడి ఉండేసరికి ఒక పెద్దాయనకు నామీద జాలి కలిగింది. “ఊటీ, ఊటీ” అంటూ భుజం పట్టుకుని నన్ను అటువైపు తిప్పాడు. ఊటీకి కాదు స్వామీ, పెళ్ళికొచ్చాను అని చెప్పడానికి సరిపడా తమిళం నా దగ్గర లేదు. ఆయన తృప్తి కోసం వెళ్ళి ఆ రైలు చూశాను.

కాజీపేటలో పుట్టి, ఇంజన్ల కూతలు వింటూ పెరిగినవాణ్ణి. రైళ్ళ గురించి నాకు ఇంకొకరు చెప్పాలా అనే గర్వం కాస్త ఉండేది. ఇక్కడ అది దిగిపోయింది. ఇంజను పెట్టెల వెనక ఉంది! లాగడం కాదు, కొండ పైకి నెట్టుకుంటూ పోతుందట. కల్లార్ దాటాక కూనూరు దాకా రెండు పట్టాల నడుమ పళ్ళున్న పట్టా మరొకటి ఉంటుంది. ఇంజను కింద ఉన్న పళ్ళచక్రం దాన్ని కరుచుకుంటూ ఎక్కుతుంది. పన్నెండు అడుగులు ముందుకు పోయేసరికి ఒక అడుగు పైకి లేచేంత ఏటవాలు అది. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన ఈ 46 కిలోమీటర్ల దారి 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకెక్కింది. మా కాజీపేటలో ఇంజను వెనక కనిపిస్తే షంటింగ్ జరుగుతోందనుకుని టీ తాగడానికి వెళ్ళిపోతాం.

పెళ్ళి మా ఆఫీసు మిత్రుడి చెల్లెలిది. మేట్టుపాళయానికీ కారమడైకీ మధ్యలో ఒక పల్లె వాళ్ళది. హైదరాబాద్‌లో నాతో మాట్లాడేటప్పుడు అతను మాట్లాడేది సినిమాలు చూసి నేర్చుకున్న తెలుగు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం నాకు సగమే అందే తెలుగొకటి బయటికొస్తుంది. “ఊళ్ళో దిగి నాయుడుగారి ఇల్లని అడుగన్నా, ఎవరైనా చూపిస్తారు” అన్నాడు. అడిగాను. ఆటో అతను నవ్వాడు. ఆ వీధిలో ఉన్నవన్నీ నాయుడుగార్ల ఇళ్ళేనట. పెళ్ళిల్లు అని చేతులతో పందిరి వేసి చూపించాను. అతనికి అర్థమైంది. గుమ్మానికి గెలలతో సహా అరటిచెట్లు కట్టిన ఇంటిముందు దించి వెళ్ళిపోయాడు.

లోపల అడుగుపెట్టగానే చెంబుతో నీళ్ళు, స్టీలు డబరాలో కాఫీ, ప్లేటులో కేసరి వచ్చేశాయి. ఎవరూ ఏమీ అడగలేదు. నేను తెలుగులో పలకరిస్తున్నాను, వాళ్ళు ఏదో బదులిస్తున్నారు, ఇద్దరికీ అర్థమవుతూనే ఉంది. మిత్రుడి ఇంటి తెలుగు నేననుకున్నదానికన్నా దూరం వచ్చేసిందే అనుకుంటూ కేసరి తింటుంటే ఒక కుర్రాడు వచ్చి, మీరు మగపెళ్ళివారా ఆడపెళ్ళివారా అన్నట్టు అడిగాడు. మిత్రుడి పేరు చెప్పాను. అలాంటి పేరుగలవాడు ఆ ఇంట్లో లేడు. అది కన్నడం మాట్లాడే కుటుంబం! ఇక్కడ తెలుగు ఇళ్ళ పక్కనే తరాలుగా కన్నడం ఇళ్ళూ ఉన్నాయి. గుమ్మం దాటి వీధిలోకొస్తే అందరిదీ తమిళమే. ఆడి నెల వెళ్ళి ఆవణి వచ్చింది కనుక, మనకు ఆషాఢం పోయి శ్రావణం వచ్చినట్టే, ఆపి ఉంచిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారి మొదలవుతాయి. ఊళ్ళో అదే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళు.

కేసరి అయిపోయేదాకా నన్ను లేవనివ్వలేదు. ఆ కుర్రాడే బండి మీద ఎక్కించుకుని అసలు ఇంటి దగ్గర దింపాడు. మా వైపు కూడా తెలియని పెళ్ళింట్లో భోజనం పెడతారు గాని, పెట్రోలు ఖర్చు పెట్టుకుని దిగబెట్టి వస్తారా అంటే అనుమానమే.

అసలు ఇంట్లో “రాండి, రాండి” అని అరుగు మీద నుంచే కేక వేసింది మిత్రుడి నాయనమ్మ. ఎనభై దాటిన మనిషి. కూర్చోబెట్టి ముందు నా వంశం, తర్వాత జీతం, ఆ తర్వాత ఊరు అడిగింది. కాజీపేట అన్నాను. “అది గుంటూరుకి ఆ పక్కనా, ఈ పక్కనా?” అంది. ఆ పక్కనే, చాలా ఆ పక్కన అన్నాను. ఆమెకు తెలుగుదేశమంటే గుంటూరు, తిరుపతి. తిరుపతి చూసింది, గుంటూరు వినింది. వాళ్ళ పెద్దలు ఎప్పుడు వచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. విజయనగరం రోజుల్లో, ఆ తర్వాత మదురై నాయకుల పాలనలో, సైన్యాలతోనూ సాగుభూమి వెతుక్కుంటూనూ దక్షిణానికి తరలివెళ్ళిన కుటుంబాలు ఇలాంటివి ఎన్నో. కి. రాజనారాయణన్ 1976లో తెచ్చిన ‘గోపల్ల గ్రామం’ నవల అలా వెళ్ళిన తెలుగువాళ్ళ కథే. రాసింది మాత్రం తమిళంలో. ఈ ఇంట్లోనూ అంతే. మాట తెలుగు, రాత తమిళం. పెళ్ళి శుభలేఖ నాకిచ్చినప్పుడు దేవుడి బొమ్మ తప్ప ఏమీ అర్థం కాలేదు.

మధ్యాహ్నం భోజనంలో అరిసి పరుప్పు సాదం. బియ్యం, కందిపప్పు, చిన్నుల్లి, వెల్లుల్లి అన్నీ ఒకే గిన్నెలో వేసి ఉడికించి నెయ్యి పోస్తారు. మనం పప్పు వేరే, అన్నం వేరే వండుకుని కంచంలో కలుపుకుంటాం గదా, ఆ కష్టం వీళ్ళు పొయ్యి మీదే తీర్చేశారు. సాయంత్రం సందగై. ఉడికించిన బియ్యప్పిండి ముద్దను నిలువు మరలో పెట్టి, పొడుగాటి పిడి మీద ఇద్దరు వేలాడితే కింద సన్నటి పోగులుగా దిగుతుంది. బెల్లం వేసిన కొబ్బరిపాలు పోసుకుని తినాలి. నేనూ ఆ పిడి పట్టుకుని వేలాడాను, పిల్లలు చప్పట్లు కొట్టారు. లోటల్లా ఒకటే, ఆవకాయ లేదు. నిమ్మకాయ ఊరగాయ ఉంది గాని, అది మర్యాదస్థురాలు, మాట్లాడదు.

ఇక సినిమా సంగతి. దానికోసమే ఇదంతా రాస్తున్నాను.

మండపంలో వధూవరుల చిన్ననాటి ఫొటోలు వేసి చూపడానికి పెళ్ళికూతురి మేనల్లుడు ఒక ప్రొజెక్టరు అద్దెకు తెచ్చాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం కుర్రాడు. పనిచేస్తోందో లేదో చూడాలని మిద్దె మీద దుప్పటి ఒకటి కట్టాడు. ఫొటోలు అయిపోయాయి. దుప్పటి ఉంది, ప్రొజెక్టరుంది, కొండల మీంచి చల్లగాలి వస్తోంది, ముప్పై మందికి పైగా చుట్టాలు పనిలేక కూర్చుని ఉన్నారు. “తెలుగు అన్న వచ్చినాడు గదా, తెలుగు పడము వెయ్యి” అన్నారెవరో. పెళ్ళింట్లో వేయదగిన తెలుగు సినిమా ఏదని నన్నడిగారు. ‘పెళ్ళిచూపులు’ అన్నాను. కుర్రకారు వెంటనే, అది ‘ఓ మణప్పెణ్ణే’ గదా అన్నారు. తమిళంలో హరీశ్ కల్యాణ్, ప్రియా భవానీ శంకర్‌తో 2021లో తీసింది వాళ్ళు చూసేశారు. అసలుది ఎవరూ చూడలేదు.

మీకు గుర్తుండే ఉంటుంది. 2016 జులై 29న విడుదలైంది. తరుణ్ భాస్కర్‌కి దర్శకుడిగా మొదటి పెద్ద సినిమా. విజయ్ దేవరకొండ అప్పటికింకా స్టార్ కాదు, రీతూ వర్మ కూడా అంతే. ఫైటు లేదు, విదేశంలో పాట లేదు. తక్కువ డబ్బుతో, ఉన్న ఇళ్ళలో, ఉన్న వీధుల్లో తీసిన సినిమా. ఉత్తమ తెలుగు చిత్రంగానూ, సంభాషణలకూ జాతీయ అవార్డులు తెచ్చుకుంది. హైదరాబాద్‌లో నేను చూసినప్పుడు హాలు హాలంతా ఊగిపోయింది. ఎక్కడ నవ్వాలో నాకు కంఠతా వచ్చు. వీళ్ళు కూడా అక్కడే నవ్వుతారని చాప మీద ముందు వరసలో కూర్చుని ఎదురుచూశాను.

మొదటి చప్పట్లు సినిమాకి రాలేదు, నాకొచ్చాయి. తెర మీద పేరు పడగానే నేను పైకి చదివాను. “చదివేసినాడే!” అంది నాయనమ్మ. ఆ మిద్దె మీద తెలుగు అక్షరాలు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ తర్వాత పడ్డ ప్రతి పేరూ నాచేత చదివించారు. కెమెరా, ఎడిటింగ్, కాస్ట్యూమ్స్ దాకా. పదో తరగతిలో కూడా నాకింత గౌరవం దక్కలేదు.

తర్వాత కౌశిక్ వచ్చాడు. ప్రియదర్శి వేసిన పాత్ర. మా తెలంగాణ మాట, మా యాస, మా చిరాకు. హైదరాబాద్‌లో ఆ పిల్లవాడు నోరు తెరవకముందే ఈలలు మొదలయ్యాయి. ఇక్కడ పూర్తి నిశ్శబ్దం. నేనొక్కణ్ణే నవ్వుతున్నానని గ్రహించి మధ్యలో ఆపేశాను. రెండు క్షణాల తర్వాత పిల్లలు పగలబడి నవ్వారు. కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పడుతున్నాయి, వాళ్ళు వాటిని చదివి నవ్వుతున్నారు! పిల్లలు దాన్ని తమిళంలో అత్తలకు చెప్తే అత్తలు నవ్వారు. అత్తలు ఇంటి తెలుగులో నాయనమ్మకు చెప్తే చివరికి ఆమె నవ్వింది. అప్పటికి తెర మీద సీను మారిపోయి హీరోయిన్ ఏడుస్తోంది. ఒక తెలుగు జోకు ఇంగ్లీషు మీదుగా, తమిళం మీదుగా తిరిగి తెలుగుకు చేరడం నా కళ్ళారా చూశాను.

హీరోని తండ్రి తిట్టే సీన్లకు మాత్రం ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. సప్లిమెంటరీలు రాసి ఇంజనీరింగ్ గట్టెక్కిన కొడుకును, ఏ పనీ అంటించుకోని కొడుకును ఆ తండ్రి కడిగేస్తుంటే మిద్దె అదిరిపోయింది. నవ్వింది పిల్లలు కాదు, తండ్రులు. ప్రొజెక్టరు తెచ్చిన కుర్రాడి తండ్రి మరీ గట్టిగా నవ్వి, కొడుకు వైపు ఒకసారి చూసి, మళ్ళీ నవ్వాడు. కుర్రాడు లేచి దుప్పటి సరిచేసే పని పెట్టుకున్నాడు.

పెళ్ళిచూపులకని వచ్చి అమ్మాయీ అబ్బాయీ గదిలో ఇరుక్కుపోయే దగ్గర అందరూ తెరకు దగ్గరగా జరిగారు. వాళ్ళిద్దరూ లోపల కబుర్లు చెప్పుకుంటుంటే వీళ్ళకు బయట కూర్చున్న పెద్దల మీదే ధ్యాస. “కాఫీ ఇచ్చినారా లేదా?” “ఇంతసేపు వదిలిపెట్టి ఏమి చేస్తా ఉండారు వీళ్ళు?” కట్నం మాట రాగానే ఆడవాళ్ళలో లెక్కలు మొదలయ్యాయి. ఇక్కడ బంగారం పవునుల్లో చెప్పుకుంటారు. పవునంటే 8 గ్రాములు. మా దగ్గర తులం, అంటే 10 గ్రాములు. నేను తులాల్లో చెప్తే వాళ్ళు పవునుల్లోకి మార్చుకుంటున్నారు, ఈలోగా సినిమా ముందుకు పోతోంది. ఇంతమందికి ఇంత బంగారమని ఊళ్ళో జరిగిన పెళ్ళిళ్ళ పద్దు మొత్తం నా చెవిన పడింది. అందులో సినిమాకి సంబంధించింది ఒక్కటీ లేదు. కాని వాళ్ళు చూస్తున్నది ఏ సినిమానో అప్పుడు నాకు అర్థం కావడం మొదలైంది.

అసలు వాళ్ళు రావాల్సిన ఇల్లు ఇది కాదు, తప్పింటికి వచ్చారని తెరమీద తేలగానే మిద్దె మొత్తం తెర వదిలేసి నావైపు తిరిగింది. “కేసరి తిన్నాడా ఈ హీరో?” అని ఎవరో వెనక నుంచి అరిచారు. నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది, సినిమాని ఆపి మళ్ళీ వేయాల్సి వచ్చింది. పొద్దుట నేను వెళ్ళిన కన్నడం ఇంటివాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు అక్కడే కూర్చుని ఉన్నారని అప్పుడు తెలిసింది. వాళ్ళు అందరికన్నా ఎక్కువ నవ్వారు.

హీరో వంట చేయడం మొదలుపెట్టాక ఇంకో ప్రేక్షకుడు చేరాడు. పెళ్ళి వంటకు వచ్చిన మాస్టరు. కింద కూరగాయలు తరిగేవాళ్ళను వదిలేసి మెట్ల మీద నిలబడ్డాడు. మగపిల్లాడు గరిటె పట్టాడని ముసలివాళ్ళు ముక్కున వేలేసుకుంటుంటే, నాలుగు వందల మందికి వండే మగమనిషి మెట్ల మీద నిలబడి ఉండటం వాళ్ళకెవరికీ తట్టలేదు. ఆయన చూపంతా ఫుడ్ ట్రక్కు మీదే. గ్యాసు సిలిండరు ఎక్కడ పెట్టారు, గిన్నెలు కడగడానికి నీళ్ళేవి, వాన వస్తే ఏం చేస్తారు. అన్నట్టు వాన వచ్చింది కూడా. నీలగిరుల మీద నుంచి చెప్పాపెట్టకుండా ఒక జల్లు. అందరూ ప్రొజెక్టరును పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పందిరి కిందికి పరుగెత్తారు. పది నిమిషాల్లో మళ్ళీ మొదలు.

ఇక అసలు పేచీ. హీరోకి చూసిన అసలు సంబంధం బాగా డబ్బున్న వ్యాపారి ఇల్లు. కుర్రాడు పనికొచ్చేవాడో కాదో చూసుకుని అల్లుణ్ణి చేసుకుందామనుకుంటాడు ఆ పెద్దమనిషి. హైదరాబాద్ హాల్లో ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. కథకు అడ్డం వచ్చిన మనిషిగానే చూశాం. ఇక్కడ ఆయన వచ్చినప్పటినుంచీ మగవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. మిత్రుడి మేనమామ ఉరుళైకిళంగు మండీలో కమిషన్ వ్యాపారి, అంటే బంగాళాదుంపలు. నీలగిరుల మీద పండిన దుంప మేట్టుపాళయం మండీలకు దిగి వేలంలో అమ్ముడై దేశం మీదికి పోతుంది. ఆయన నావైపు వంగి, “ఆ పెద్దాయన చెప్పేదాంట్లో తప్పేముండాది తమ్ముడూ? బిడ్డను ఇచ్చేవాడు చూసుకోడా?” అన్నాడు. ఫుడ్ ట్రక్కు ఖరీదు, నెల వాయిదా, రోజుకు ఎన్ని ప్లేట్లు పోతాయి అన్నీ వేళ్ళ మీద లెక్క కట్టి, మొదటి వానాకాలానికే బండి అమ్ముకోవాలని తేల్చేశాడు.

చివరికి హీరో డబ్బింటి సంబంధం కాదనుకుని హీరోయిన్ చిత్ర దగ్గరికి వెళ్ళిపోయేసరికి మా హాల్లో చప్పట్లు మోగాయి. ఇక్కడ సగం మంది చప్పట్లు కొట్టారు, పిల్లలూ కుర్రవాళ్ళూ. మిగతా సగం ఊరకుండిపోయారు. “సరేనని తల ఊపినాడు గదా ముందు. అప్పుడే వద్దని చెప్పాల్సింది” అంది ఒక అత్త. పెళ్ళికూతురు అంతసేపూ గోరింటాకు చేతులు చాచుకుని మాట్లాడకుండా కూర్చుంది. అప్పుడంది: “ఆ డబ్బున్న ఇంటి పిల్లను ఎవరైనా అడిగినారా? ఆ పిల్ల మనసులో ఏముండిందో?” ఎవరూ బదులు చెప్పలేదు. నేనైతే ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో, ఈ ప్రశ్న నాకు ఒక్కసారీ రాలేదు.

మర్నాడు మేనమామ నన్ను తన బండి మీద ఊరు చూపించడానికి తీసుకెళ్ళాడు. మండీల్లో దుంప బస్తాల కొండలు, కారమడై వైపు పొలాల్లో కరివేపాకు తోటలు. మనం ఇంటివెనక చెట్టు నుంచి రెబ్బ తుంచుకునే కరివేపాకును ఇక్కడ ఎకరాల్లో పండించి లారీలకెత్తుతారు. భవానీ నది నిండుగా పారుతోంది. ఎగువన పిల్లూరు డ్యాము తెరిస్తే ఇక్కడ గట్ల మీదికి దండోరా వేస్తారట. సాయంత్రం రోడ్డు పక్క బండి దగ్గర కాలాన్ తినిపించాడు. పుట్టగొడుగుల వంటకమని పేరు. అందులో పుట్టగొడుగులు అక్కడక్కడా దర్శనమిస్తాయి, మిగతాదంతా క్యాబేజీ. వేయించి చిదిమి, పెద్ద పెనం మీద మసాలా గుజ్జులో ఉడికించి, పైన పచ్చి ఉల్లిపాయలు చల్లుతారు. చూడ్డానికి ఏమీ బాగుండదు. రెండు ప్లేట్లు తిన్నాను. కోయంబత్తూరు వైపు వెళ్ళినప్పుడు మీరూ తినండి, ఏముందో అడక్కండి.

కాలాన్ తింటూ ఆయన సినిమా సంగతే ఎత్తాడు. మాకు సినిమాలు కొత్త అనుకోకు తమ్ముడూ అని మొదలుపెట్టాడు. నిజమే. కోయంబత్తూరులో సామికణ్ణు విన్సెంట్ 1914లోనే వెరైటీ హాల్ కట్టాడు. అదే ఊళ్ళో ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు పక్షిరాజా స్టూడియో పెట్టి, 1954లో ఎం.జి. రామచంద్రన్‌తో ‘మలైక్కళ్ళన్’, ఎన్.టి. రామారావుతో ‘అగ్గిరాముడు’ తీశాడు. మరుసటి ఏడాది అదే కథ దిలీప్ కుమార్‌తో హిందీలో ‘ఆజాద్’ అయింది. మన అగ్గిరాముడు కోయంబత్తూరు బిడ్డ అని నాకు ఒక బంగాళాదుంపల వ్యాపారి చెప్పాల్సి వచ్చింది.

పెళ్ళి గురించి ఎక్కువ చెప్పను, పెళ్ళిళ్ళన్నీ ఒకటే. తెల్లవారుజాము ముహూర్తం, నాదస్వరం, నిద్ర, ఇడ్లీ. అప్పగింతలప్పుడు అందరూ తెలుగులోనే ఏడ్చారు.

పెళ్ళి మర్నాటి మధ్యాహ్నం, అలసిపోయి అందరూ హాల్లో పడి ఉండగా నాయనమ్మ ఆజ్ఞ అయింది: “మొన్నటిది నీ పడము. ఇప్పుడు నా పడము చూడు.” ఆమె పడము శ్రీధర్ దర్శకత్వంలో 1964లో వచ్చిన ‘కాదలిక్క నేరమిల్లై’. మన పాతతరానికి ఇది ‘ప్రేమించి చూడు’గా తెలుసు. పి. పుల్లయ్య మరుసటి ఏడాది అక్కినేనితో తీశారు. కాంచన రెండింట్లోనూ ఉంది. తమిళ సినిమా చాలావరకు పొళ్ళాచ్చి దగ్గర ఆళియార్ డ్యాము వైపు తీశారు గనుక నాయనమ్మకు అది సొంత ఊరి సినిమా. టూరింగ్ టాకీస్‌లో ఇసుక మీద కూర్చుని చూసిందట.

కథ మీకు తెలిసిందే. ఎస్టేటు యజమాని విశ్వనాథన్‌గా బాలయ్య. డబ్బు మీద తప్ప దేనిమీదా నమ్మకం లేని మనిషి. ఆయన తీసేసిన ఉద్యోగి రవిచంద్రన్ ఆయన కూతురినే ప్రేమిస్తాడు. తాను కోటీశ్వరుడి కొడుకునని అబద్ధం చెప్పి, స్నేహితుడు ముత్తురామన్‌కి ముసలి వేషం వేయించి తండ్రిగా తెస్తాడు. బాలయ్య కొడుకు నాగేశ్‌కేమో సినిమా తీయాలనే పిచ్చి. తన కంపెనీకి ‘ఓహో ప్రొడక్షన్స్’ అని పేరు.

ఆ హాల్లో ఎవరూ తెర చూడటం లేదు. ఒకరినొకరు చూసుకుంటున్నారు. పాత్ర నోరు తెరిచేలోపే ఎవరో ఒకరు ఆ మాట అనేస్తారు. నాగేశ్ తన సినిమా కథ అభినయించి చెప్తుంటే బాలయ్య భయంతో బిగుసుకుపోయే సీను ఉంది చూశారూ, ఆ సీను రాగానే మేనమామ లేచి టీవీ పక్కన నిలబడి నాగేశ్ అయిపోయాడు, వంట మాస్టరు బాలయ్య. అరవై ఏళ్ళుగా చూస్తున్న సీనుకు పిల్లలు కూడా కడుపు పట్టుకుని నవ్వారు. నాకు భాష సగమే తెలుసు. నవ్వి నవ్వి నాకూ కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఈసారి సబ్‌టైటిల్స్ లేవు.

నవ్వులు సద్దుమణిగాక నాయనమ్మనే అడిగాను. ఈ రవిచంద్రన్ మోసగాడు గదా, డబ్బున్నవాడినని అబద్ధాలాడి అల్లుడయ్యాడు. మొన్నటి హీరో ఒక్క అబద్ధం ఆడలేదు, వచ్చే డబ్బు కూడా వద్దనుకున్నాడు. వాణ్ణి ముఖం ముడుచుకుని చూశారు, వీడికి చప్పట్లు కొడుతున్నారు, ఇదేం న్యాయం? ఆమెకు ఆలోచించే పనే లేకపోయింది. “వీడు అబద్ధము చెప్పినాడు, ఆ పిల్ల కోసమే చెప్పినాడు, ఆ పిల్లకు తెలిసే చెప్పినాడు. డబ్బున్న ముసిలోణ్ణి ఏమార్చితే తప్పులేదు. వాడు నిజమే చెప్పినాడు, కాని ఇంకొక ఇంట్లో పందిరి వేయించినాడు. పందిరి వేసినాక వద్దంటే ఆ ఇంటికి ఎవరు వస్తారు?”

నేను వాదించబోయాను. కట్నాల మీద, వ్యాపారంగా మారిన పెళ్ళి మీద మా సినిమా ఎంత బాగా నవ్వించిందో చెప్పబోయాను. ఇప్పటికీ నా ఓటు ‘పెళ్ళిచూపులు’కే. అయితే మేం హాల్లో సినిమా చూసింది కుర్రాడి పక్కన కూర్చుని. వీళ్ళు చూసింది ఆడపిల్లల తండ్రుల పక్కన, కింద పందిరి గుంజలు పాతి ఉండగా. ఇంట్లో పెళ్ళి పెట్టుకుని మిద్దె మీద ఆ సినిమా చూస్తే నాకూ బహుశా వేరే చోట్ల నవ్వొచ్చేది. మేనమామ ఈ చర్చలో కలగజేసుకోలేదు. ఫుడ్ ట్రక్కు నష్టం గురించి తన లెక్క ఎవరూ కాదనలేదన్నది ఒక్కటే ఆయనకు ముఖ్యం.

మీరు మేట్టుపాళయం వెళ్తారనే నా నమ్మకం. అందరూ ఊటీ పేరుతోనే వెళ్తారు, వెళ్ళండి. చిన్నరైలుకు ముందుగానే టికెట్టు తీసుకోండి, స్టేషన్లో అప్పటికప్పుడు దొరుకుతుందనుకోవద్దు. కాని ఆ ప్లాట్‌ఫారం మీద అందరితోపాటు పరుగెత్తకుండా ఒకటి రెండు రోజులు కింద ఆగండి. కోయంబత్తూరు 35 కిలోమీటర్లు, లోకల్ రైలుంది, కారమడైలో ఆగుతుంది. ఏ టీకొట్టు దగ్గరైనా గట్టిగా తెలుగులో మాట్లాడండి, ఎవరో ఒకరు తల తిప్పి చూస్తారు. ఇంటికి పిలిస్తే మొహమాటపడకండి, సినిమా వేస్తామంటే అసలే వద్దనకండి. చిన్న ఆవకాయ సీసా మాత్రం వెంట తీసుకెళ్ళండి, వాళ్ళకోసం కాదు, మీకోసం.